పసుపు చెక్క: తాతమ్మ పేరు కోసం రెండేళ్లు

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చినప్పుడు మా అన్నదమ్ములం ముగ్గురం సీతానగరం ఘాట్‌లో పెద్దలకు పిండప్రదానం చేశాము. పురోహితులవారు వరుసగా పేర్లు అడుగుతూ వచ్చారు. నాన్న, తాత, ముత్తాత పేర్లు తడుముకోకుండా చెప్పాము. తరువాత అమ్మ పేరు, నాయనమ్మ పేరు చెప్పాము. ‘‘నాయనమ్మగారి అత్తగారి పేరు?’’ అని ఆయన అడిగేసరికి ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. వెనకాల మరో కుటుంబం తమ వంతు కోసం నిలబడి ఉంది. ఆయన మమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా, పేరు లేకుండానే వరుస చెప్పి, నువ్వులూ నీళ్లూ విడిపించి కార్యక్రమం పూర్తిచేశారు. శాస్త్రానికి లోపమేమీ లేదని కూడా అన్నారు. కానీ ఏళ్ల తరబడి హైస్కూలులో సాంఘిక శాస్త్రం బోధించి, పిల్లల చేత రాజవంశాల క్రమం వల్లె వేయించిన నాకు, మా తాతను కన్నతల్లి పేరు తెలియదన్న సంగతి ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడే ఒక పెద్ద డ్రాయింగు కాగితం తెచ్చి, మా మనవల దగ్గర మొదలుపెట్టి పైకి రాసుకుంటూ వెళ్లాను. నాలుగు తరాల మగవాళ్ల పేర్లు నిండుగా వచ్చాయి. వాళ్ల పక్కన భార్యల గళ్లు మాత్రం రెండు తరాల తరువాత ఖాళీ అయిపోయాయి. మాది తెనాలి ప్రాంతంలో కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో తాళపత్రాలు లేవు, వంశచరిత్ర రాసిపెట్టినవారు లేరు. ఉన్నదల్లా తాతగారి జాతకచక్రం రాసిన ఒక పాత నోటుపుస్తకం. అందులో ఆయన పుట్టినది దుర్ముఖి నామ సంవత్సరమని ఉంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి పేరు ఒక్కటే చూసి కాలం తేల్చలేము. అది 1896–97 కావచ్చు, 1956–57 కావచ్చు. మా నాన్నగారు 1922లో పుట్టారు గనుక తాతగారిది 1896 అని తేలింది. ఆ లెక్క వేస్తూ క్యాలెండరు వంక చూస్తే, మేము పుష్కర స్నానం చేసిన 2016 కూడా దుర్ముఖి సంవత్సరమే. తాతగారు పుట్టి సరిగ్గా రెండు ఆవృత్తాలు పూర్తయ్యాయన్నమాట.

అడగడానికి మిగిలిన పెద్ద దిక్కు మా మేనత్త ఒక్కతే. అప్పటికి ఆమెకు ఎనభై ఏడేళ్లు. పొన్నూరులో కొడుకు దగ్గర ఉండేది. ఇంటిల్లిపాదీ ఆమెను ‘పాప’ అనే పిలుస్తారు. మాకు పాపత్తయ్య. రేషను కార్డు మీద, ఆధారు మీద కూడా ఆ ముద్దుపేరే ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు ఏమిటంటే, కాగితం ముందు పెట్టుకుని ‘‘మీ నాయనమ్మ పేరేమిటి?’’ అని సూటిగా అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించి, ‘‘మా అమ్మ ఎప్పుడూ అత్తగారు అత్తగారు అనేదిరా, పేరు పెట్టి అనలేదు’’ అన్నది. ఆ ఒక్క మాటలో ఈ సమస్య మూలమంతా ఉంది. కోడలు అత్తగారి పేరు నోటితో పలకకూడదు. భార్య భర్త పేరు పలకకూడదు. ఇంట్లో పిల్లలకు కథలూ కబుర్లూ చెప్పేది ఆ కోడలే. కాబట్టి ఆమె గౌరవం కొద్దీ పలకని పేరు పిల్లల చెవిన పడకుండానే పోతుంది. ఒక తరం మౌనంగా ఉంటే చాలు, పై తరం పేరు చెరిగిపోతుంది.

ఆడవాళ్ల పేర్లు ఇలా మాయమైపోవడం మన ఒక్క ప్రాంతపు విషయం కాదు. 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారుచేసినప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే రాయించుకున్నారు. అటువంటి నమోదులు చెల్లవని ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పట్టుబట్టడంతో సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు ఎక్కలేకపోయారు. ఈ సంగతిని పాఠంగా ఎన్నోసార్లు చెప్పాను. అది మా ఇంటి సంగతి కూడా అని ఆ రోజు పొన్నూరులో, అత్తయ్య మంచం పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది.

రెండవసారి వెళ్లినప్పుడు పద్ధతి మార్చాను. పేర్లు అడగడం మానేసి పెళ్లిళ్ల గురించి, పురుళ్ల గురించి, కరువుల గురించి, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారన్న దాని గురించి అడిగాను. ఫోనులో రికార్డు చేసుకుంటూ మూడు మధ్యాహ్నాలు ఆమెను మాట్లాడనిచ్చాను. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఈ ఒక్క సలహా మాత్రం తప్పక ఇస్తాను. పెద్దవాళ్ల జ్ఞాపకాలకు సంఘటనలే కొక్కేలు. పేర్లు, తేదీలు వాటిని పట్టుకునే బయటికి వస్తాయి. అలా వచ్చినవి మూడు: తాతమ్మ ధాత కరువులో పుట్టింది, విషజ్వరాల ఏడు పోయింది, ఆమె పుట్టిల్లు కాలువకు పైన, దుగ్గిరాల వైపు. ధాత కరువు అంటే దక్షిణాదిని అతలాకుతలం చేసిన 1876–78 నాటి మహాకరువు. అది ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి జనం నోట ఆ పేరు నిలిచిపోయింది. విషజ్వరాల ఏడు 1918. ఆ ఇన్‌ఫ్లుయెంజా మన పల్లెల్లో ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో పాతవాళ్లు చెప్పేవారు. అంటే తాతమ్మ సుమారు నలభై రెండేళ్లు బతికింది. అత్తయ్య పుట్టేనాటికి ఆమె పోయి పదకొండేళ్లు.

1918 తెలిసింది కదా, మరణాల రిజిస్టరు చూస్తే సరిపోతుందనుకున్నాను. 1899 నాటి మద్రాసు చట్టం కింద మన ప్రాంతంలో జనన మరణాలు రాసేవారు. గ్రామాల్లో ఆ పని మునసబుది. 1984 జనవరిలో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు వారి దగ్గరి రికార్డులన్నీ ప్రభుత్వానికి అప్పగించారు గానీ, ఆ చేతులు మారే సమయంలో ఎన్ని పోయాయో లెక్క లేదు. నేను దరఖాస్తు పెట్టిన కార్యాలయంలో మా ఊరి పుస్తకాలు 1930ల నుంచి మాత్రమే మిగిలాయి. అంతకు ముందువి చెదలు తిన్నాయని చెప్పి, నాలుగు నెలలు తిప్పి, చివరకు నమోదు లభ్యం కాలేదన్న కాగితం ఒకటి చేతిలో పెట్టారు. కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది. అది ఒక మనిషి గురించిన ఏకైక ప్రభుత్వ వాక్యం కావచ్చు కదా.

ఈలోగా మా ఇంటిపేరువారికి వంశం చెప్పే పిచ్చికుంట్లవారిని వెతికి పట్టుకున్నాను. ఇప్పుడు వారిని వంశరాజులని పిలుస్తున్నారు, అది న్యాయమైన పేరు. పల్నాడు నుంచి వచ్చిన ఆ పెద్దాయన మా వాకిట్లో కూర్చుని గోత్రంతో మొదలుపెట్టి, మావాళ్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారో, ఎవరికి ఎందరు కొడుకులో, ఒక్క తప్పు లేకుండా ఏడు తరాలు పాడుతున్నట్లుగా చెప్పుకుంటూ వెళ్లాడు. నాకు తెలిసిన నాలుగు తరాలూ ఆయన చెప్పినదానితో సరిపోయాయి కాబట్టి తెలియని మూడు తరాలనూ నమ్మాను. అయితే ఆయన పాఠంలో ఆడపడుచులను ఏ ఇంటికి ఇచ్చారో ఉంది గానీ, కోడళ్ల పేర్లు లేవు. ‘‘ఇల్లాలి పేరు మాకు చెప్పరు బాబూ, మేం అడగం’’ అన్నాడు. ఆయనకు బట్టలు పెట్టి, సంభావన ఇచ్చి, ఆ పాఠమంతా రాసుకున్నాను. ఆయన కొడుకు ఆటో నడుపుతున్నాడు. ఈ విద్య అతనికి రాదు. ఏ ఇంటికైనా ఇటువంటి వంశకర్తలు ఇంకా వస్తూ ఉంటే, ఈ సంవత్సరమే రికార్డు చేసుకోవడం మంచిది.

తార్నాకలోని పురాతన దస్త్రాల కార్యాలయానికీ వెళ్లాను. 1858లో మద్రాసు ప్రభుత్వం ఏర్పరచిన ఇనాం (మాన్యం భూముల) కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లలో ఇనాందారు పేరు, వయసు, వారసులు, ఆ భూమి ఎవరు ఎప్పుడు ఇచ్చారన్నవి కూడా ఉంటాయి. అర్చకుల కుటుంబాలకు, కరణాలకు, గ్రామ సేవలు చేసిన చేతివృత్తుల వారికి అవి బంగారు గనులే. మావాళ్లు ఇనాందారులు కారు, శిస్తు కట్టిన రైతులు. కాబట్టి నాకు అక్కడ ఏమీ దొరకలేదు. మా మిత్రుడొకరిది గుంటూరు లూథరన్ క్రైస్తవ కుటుంబం. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం అది. ఆ మిత్రుడికి బాప్తిస్మాల పుస్తకంలో ముత్తవ్వ పేరు ఒక్క ఉదయంలో దొరికింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో తలుపు తెరుచుకుంటుంది. ఏ తలుపు తనదో తెలుసుకోవడమే ఇందులో సగం పని.

మా తలుపు పొలంలో ఉంది.

మా ఊరికి ఎగువన, వేరే గ్రామం పొలిమేరలో మాకు 81 సెంట్లు మాగాణి ఉంది. దాన్ని అందరూ పసుపు చెక్క అంటారు. చిన్నప్పుడు ఎందుకలా అంటారని అడిగితే, ఒకప్పుడు అందులో పసుపు పండించేవారని చెప్పారు. దుగ్గిరాల పసుపు మార్కెట్టుకు పేరుపడిన ప్రాంతం కాబట్టి ఆ జవాబు మీద ఎవరికీ అనుమానం రాలేదు. 2017 సంక్రాంతి వెళ్లాక కౌలు డబ్బు ఇవ్వడానికి వచ్చిన రైతుతో కలిసి ఆ పొలం గట్టు మీద నడుస్తూ, మాట వరసకు ఆ సంగతి చెప్పాను. అతను ఆగి, కాలి బొటనవేలితో మట్టిని నొక్కాడు. నల్లరేగడి. వరి కోసి నెల దాటినా బొటనవేలు దిగిన గుంటలో నీళ్లు ఊరాయి. ‘‘ఇది పల్లపు నేల మాస్టారూ. ఇందులో పసుపు ఎవరు పెడతారండీ, దుంప కుళ్లిపోద్ది. ఈ చుట్టుపక్కల ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు’’ అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆ పేరునే తిప్పి తిప్పి అనుకుంటున్నాను. పంట పసుపు కాకపోతే అది ఏ పసుపు? అప్పుడు తట్టింది. ఆడపిల్లకు పెళ్లిలో పుట్టింటివారు ఇచ్చే పొలాన్ని పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలమనే కదా అంటాము. తాతమ్మ పుట్టిల్లు దుగ్గిరాల వైపని అత్తయ్య చెప్పనే చెప్పింది. మా ఊరివాళ్లం మరో ఊళ్లో ఒంటరిగా 81 సెంట్లు ఎందుకు కొనుక్కుంటామన్న ప్రశ్న నాకు అరవై రెండేళ్లు వచ్చేదాకా ఎందుకు రాలేదో తెలియదు.

అక్కడి నుంచి పని వేగంగా సాగింది. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు ‘మీభూమి’లో అడంగలు, అంటే పొలం వివరాల పత్రం, తీసి సర్వే నంబరు చూశాను. మాది ఆ నంబరులో రెండో సబ్‌డివిజను. మొదటి సబ్‌డివిజను వేరేవారిది, దాని విస్తీర్ణం కూడా సరిగ్గా 81 సెంట్లే. ఒక ముక్కను కొలిచి సగానికి సగం చేస్తే తప్ప అలా రాదు. జిల్లా రికార్డు గదిలో బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అంటే రెవెన్యూ వారు ఆర్‌.ఎస్‌.ఆర్‌. అనే పుస్తకం, నకలుకు దరఖాస్తు పెట్టాను. అందులో ప్రతి సర్వే నంబరుకూ మెట్టా మాగాణా, నేల తరం, శిస్తు, పట్టాదారు పేరు వరసగా ఉంటాయి. మా నంబరు ఎదురుగా మొత్తం ఎకరం 62 సెంట్లు ఒకే పట్టాలో ఉన్నాయి. పట్టాదారు ఇంటిపేరు మాది కాదు. ఆ ఇంటిపేరు నేను ఎప్పుడూ వినలేదు. అత్తయ్యకు ఫోను చేసి చదివి వినిపిస్తే, ‘‘అవునవును, నాన్నకు వాళ్లు మేనమామలు’’ అని వెంటనే అన్నది. అడిగితే రాని ఇంటిపేరు వినిపించగానే గుర్తుకొచ్చింది.

ఇక మిగిలింది దస్తావేజు. స్థిరాస్తిని దానం ఇస్తే రిజిస్టరు కావలసిందే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అదే చెబుతుంది. రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే మొదటి పుస్తకాన్నీ, దాని సూచికలనూ ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు. ఈ విషయం చాలామందికి తెలియదు. కంప్యూటరులో దొరికే ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం, 1983 తరువాతి లావాదేవీలకే పనికివస్తుంది, అంతకు ముందువి పుస్తకాలు తిరగేయవలసిందే. మొదటి సూచికలో మనుషుల పేర్లు, రెండవ సూచికలో ఆస్తి వివరాలు ఉంటాయి. నాకు సర్వే నంబరు ఉన్నా, అది రీసెటిల్‌మెంటు నంబరు కాబట్టి అంతకు ముందు రాసిన దస్తావేజులో ఉండదు. అందుచేత పట్టాదారు పేరుతో మొదటి సూచికలోనే వెతకాలి.

తాతమ్మ పెళ్లి 1890 ప్రాంతంలో జరిగి ఉంటుందని లెక్క వేసుకుని, 1885 నుంచి 1900 వరకు సంవత్సరాలు ఎంచుకున్నాను. మొదట వెళ్లిన సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ ఊరి పేరే ఆ కాలపు పుస్తకాల్లో లేదు. అప్పట్లో ఆ ఊరు వేరొక కార్యాలయం పరిధిలో ఉండేదని తెలుసుకోవడానికి ఒక నెల పట్టింది. గుంటూరు జిల్లాను 1859లో రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపారని, మళ్లీ 1904లోనే వేరుచేశారని తరగతిలో చెప్పినవాడినే అయినా, మా ముత్తాతల దస్తావేజులన్నీ ‘కృష్ణా జిల్లా’ అని మొదలవుతాయని నాకు ముందుగా తట్టలేదు.

ఆ సూచికలు మూడు రోజులు చూశాను. కాగితం అంచులు ముట్టుకుంటే బిస్కెట్టులా విరుగుతున్నాయి. పుస్తకం తిప్పే పనికి నాకు తోడిచ్చిన గుమాస్తా ఒక వెడల్పాటి పోస్టుకార్డు కాగితం కిందకు జొనిపి, దాని మీద పేజీని మోసుకొచ్చినట్లుగా తిప్పేవాడు. సిరా గోధుమరంగుకు తిరిగి, ఒత్తి రాసిన చోటల్లా కాగితాన్ని తినేసింది. మాటకూ మాటకూ మధ్య ఎడం లేదు. వలపలగిలకలు, అరసున్నలు, తెలుగు అంకెలు. మొదటి రోజు ఒక పేజీకి గంట పట్టింది. మూడవ రోజుకు ఆ దస్తూరీ రాసినాయన నాకు పరిచయస్తుడిలా అయిపోయాడు. ఆయన ‘క’ ఎలా రాస్తాడో, అంకెల్లో ఒకటికీ సున్నకూ తేడా ఎక్కడ చూపిస్తాడో తెలిసిపోయింది.

1892 పుస్తకంలో ఆ ఇంటిపేరు కనిపించింది. నకలు పుస్తకం తెప్పించి చదివాను. నందన నామ సంవత్సర వైశాఖమాసంలో, కృష్ణా జిల్లాలోని ఫలానా గ్రామ కాపురస్తుడు, వ్యవసాయజీవనం గల ఫలానావారు, తన కుమార్తెకు పసుపు కుంకుమల నిమిత్తం రాసి ఇచ్చిన దాన దస్తావేజు అది. అమ్మాయి మైనరు గనుక ఆమె తరఫున మామగారు స్వీకరించినట్లు ఉంది. ఆ మామగారు మా ముత్తాతగారి తండ్రి, వంశరాజు చెప్పిన పేరు అక్షరం పొల్లు పోకుండా అక్కడ ఉంది. చెక్కుబందీలో, అంటే పొలం హద్దుల్లో, తూర్పున డొంక, దక్షిణాన పంటబోదె. ఆ రెండూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, నేను వాటి మీద నడిచాను. పైనుంచి ఆరవ పంక్తిలో తాతమ్మ పేరు ఉంది.

ఆ పేరు నేను అంతకు ముందు ఎక్కడో చూశాను. ఎక్కడన్నది ఆ సాయంత్రం బస్సులో గుర్తుకొచ్చింది. ఇంటికి వెళ్లి, మా నాన్నగారి పెట్టెలోని కాగితాలు తీశాను. 1945లో జరిగిన పాపత్తయ్య పెళ్లి శుభలేఖ అందులో ఉంది. చి.ల.సౌ. అన్న మాట తరువాత వధువు పేరుగా అచ్చయినది అదే. తాతగారు కూతురు పుట్టగానే తన తల్లి పేరు పెట్టుకున్నారు. కానీ ఆ పేరు నాయనమ్మకు అత్తగారి పేరు. ఆమె దాన్ని నోటితో అనలేదు. కన్నకూతురినైనా ఆ పేరుతో పిలవలేదు. అందుకని పాప అన్నది. ఇల్లంతా పాప అన్నది. బడికి పంపలేదు కాబట్టి బడి రికార్డూ లేదు. ఆ పేరు ఒక్క శుభలేఖ మీద, ఒక్క పూట కనిపించి మళ్లీ వెళ్లిపోయింది. నేను పేరు అడిగిన మనిషే ఆ పేరుగల మనిషి. పాపత్తయ్య ఇంకా మా మధ్య ఉన్నది గనుక ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

మనవాళ్లు వంశవృక్షం వేసుకునేటప్పుడు ఈ ఆనవాలును గట్టిగా పట్టుకోవాలని నా అభిప్రాయం. తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టే ఆచారం ఉన్న ఇళ్లలో, పిల్లల అసలు పేర్లే పెద్దల రిజిస్టరు. ముద్దుపేరు వెనక దాగిన పేరు ఏదైనా ఉంటే, అది ఎవరు పలకకూడని పేరో ఆలోచించాలి.

అదే సర్వే నంబరులో వేరేవారి పేర ఉన్న 81 సెంట్ల సంగతి ఇంకా తేలలేదు. తాతమ్మ పుట్టింటివారు ఆ ఊళ్లో ఎవరూ మిగల్లేదు. ఒక దినం భోజనాల దగ్గర దుగ్గిరాల పెద్దమనిషి ఒకరు, వాళ్లు నైజాం వెళ్లిపోయారని చెప్పారు. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ కింద భూములు సాగుచేయడానికి మన కోస్తా జిల్లాల రైతులు ఎందరో బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకు తరలి వెళ్లారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లు క్యాంపులుగా మొదలై, నేటికీ క్యాంపు అన్న పేరుతోనే ఊళ్లుగా నిలిచాయి. పెళ్లిసంబంధాలు చూసే ఒకాయన ద్వారా ఆ ఇంటిపేరు ఏ క్యాంపులో ఉందో తెలుసుకుని, 2018 వేసవిలో బోధన్ బస్సెక్కాను.

తాతమ్మ తమ్ముడి మనవడు అక్కడ దొరికాడు. ఎనభై దాటిన మనిషి. నాకు వరసకు మామయ్య అవుతారు. నేను వంశం చెప్పగానే లోపలికి వెళ్లి ఇనప ట్రంకుపెట్టె లాక్కొచ్చారు. నైజాం వచ్చేటప్పుడు వాళ్ల తాత తెచ్చుకున్న కాగితాలు గుడ్డసంచిలో చుట్టి ఉన్నాయి. వాటిలో 1913లో, ప్రమాదీచ నామ సంవత్సరంలో రాసిన ఒక అసలు క్రయ దస్తావేజు ఉంది. అమ్మినది మా తాతమ్మ, కొన్నది ఆమె తమ్ముడు. తన పసుపు కుంకుమల భూమిలో సగం, 81 సెంట్లు, తన కుమారుని చదువు ఖర్చుల నిమిత్తం అమ్ముతున్నట్లు రాయించింది.

తాతగారు తెనాలిలో గది అద్దెకు తీసుకుని చదువుకున్నారని, మా ఊళ్లో ఇంగ్లీషు చదివిన మొదటివారిలో ఆయన ఒకరని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ చదువు కోసం ముత్తాత ఎద్దుల జత అమ్మారని చిన్నప్పటి నుంచి విన్నాము. ఆ కథను నేను నా పిల్లలకూ చెప్పాను. ఎద్దులు కూడా అమ్మి ఉండవచ్చు, దానికి నా దగ్గర కాగితం లేదు. దీనికి ఉంది. దస్తావేజు వెనక రిజిస్ట్రారు ముద్ర కింద ఆమె వేలిముద్ర ఉంది. నల్లసిరా ఒక పక్కకు కొంచెం పాకింది. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక సన్నని తెల్లగీత ఉంది. కొడవలి గాటు కావచ్చునని ఆ మామయ్య అన్నారు. ఆయన కూడా వరి కోసిన మనిషే. తన బొటనవేలు చూపించారు, అదే చోట అటువంటిదే గీత.

దస్తావేజును వెలుతురులో నిలువునా ఫోటోలు తీసుకుని, వారి సెలవు తీసుకుని వచ్చేశాను. అసలు కాగితం ఇస్తానన్నారు గానీ తీసుకోలేదు. అది ఆయన తాత కొనుక్కున్న భూమి కాగితం, ఆ పెట్టెలో ఉండటమే సబబు.

తిరిగి వచ్చిన మర్నాడు పొన్నూరు వెళ్లి, ఫోటోలను పెద్దవిగా అచ్చువేయించి అత్తయ్య చేతిలో పెట్టాను. పేరు చదివి వినిపించాను. ఆమె కొంతసేపు ఏమీ అనలేదు. ‘‘శుభలేఖలో ఆ పేరు చూసి, ఇదెవరిదని మా అమ్మనడిగాను. నీదేనే అని నవ్వింది. అమ్మ ఆ ఒక్కసారి కూడా పేరు పలకలేదు’’ అన్నది. తరువాత నేను తీసుకువెళ్లిన పెద్ద కాగితాన్ని మంచం మీద పరవమన్నది. ఒక్కో గడి మీద వేలు పెట్టి ఎవరిదో చెప్పించుకున్నది. తాతమ్మ గడి నిండి ఉండటం చూసి తల ఊపి, ఆ పక్కన నాయనమ్మ గడి దగ్గర వేలు ఆపింది.

‘‘మా అమ్మకు పైన ఏమీ రాయలేదేంరా?’’

నాయనమ్మ పుట్టింటి వైపు నేను అసలు వెతకనే లేదు. ఆ మాటే చెప్పాను.

‘‘నన్ను అడిగావా? మా అమ్మమ్మ నన్ను పెంచింది. ఆమె పేరు, వాళ్లమ్మ పేరు, వాళ్ల ఊరు, అన్నీ చెబుతాను, రాసుకో’’ అని అత్తయ్య దిండు సర్దుకుని లేచి కూర్చుంది. నేను కాగితాన్ని అటు తిప్పి, కొత్త గడి గీశాను.